కదలని బరువు

సోమవారం సాయంత్రం వెయిట్‌లిఫ్టింగ్ హాలు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే జాకీకి ఒళ్ళు మండిపోయింది.

హాలు మధ్యలో, లైట్లన్నీ పడే చెక్క వేదిక మీద, వెయిట్‌లిఫ్టింగ్ సంఘం సెక్రటరీగారి మేనకోడలు డెబ్బై కిలోల బార్‌ని నెత్తి మీదికి ఎత్తి నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. జాకీ కూతురు అమ్మలు మాత్రం గోడవార ఇనుప స్టాండులో నిలబడి, కదలని బార్‌ని పట్టుకుని లాగుతోంది. బరువెక్కువై కదలకపోవడం కాదు. స్టాండు రంధ్రాల్లో అటూ ఇటూ రెండు ఇనుప కడ్డీలు దూర్చి, వాటి కింద బార్ ఇరికించారు. ఏనుగొచ్చి లాగినా అది వెంట్రుకవాసి పైకి రాదు. ఆ సంగతి తెలిసే ఇరికించారు. అమ్మలు మెడనరాలు తేలేలా లాగుతుంటే కోచ్ మేడం పక్కన నిలబడి, గడియారం చూస్తూ, ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెట్టి, "వదిలెయ్. మూడు నిమిషాలు కూర్చో" అంది.

ఆరు సెకన్ల పనికి మూడు నిమిషాల కూర్చోవడం! సిమెంటు గోడౌన్‌లో ఎనిమిది మంది హమాలీల జట్టుకి మేస్త్రీ జాకీ. బస్తాకీ బస్తాకీ మధ్య బీడీ వెలిగించుకునే వ్యవధి కూడా ఇవ్వడని జట్టులో అతనికి పేరు. ఇరవై ఏళ్ళ కిందట బండి ఎత్తే జాకీ దొరక్క రోడ్డు మీద ఆగిపోయిన ఖాళీ లారీని, టైరు మార్చేదాకా వీపుతో ఒక పక్కకి ఎత్తిపట్టాడు. ఆ రోజుతో తల్లిదండ్రులు పెట్టిన పేరు పోయి ఈ పేరు మిగిలింది. కదిలిందే పని, కదలనిది నాటకం అనేది అతని లెక్క.

పైగా ఆదివారం ఎంపిక పోటీ. యాభై తొమ్మిది కిలోల తరగతిలో ఒక్కరికే శిక్షణ శిబిరంలో చోటు. ఏడాది పాటు తిండీ బసా వాళ్ళవే, అక్కడినుంచి పెద్ద పోటీలకి దారి. ఆ చోటు కోసం నిలబడింది ఇద్దరే, ఒకరు అమ్మలు, రెండోది ఆ చప్పట్ల పిల్ల.

జాకీ విసవిసా నడిచి మేడం ముందుకెళ్ళాడు. "ఆరు రోజుల్లో పోటీ పెట్టుకుని మా పిల్లని మూల నిలబెట్టారేంటి మేడం?"

"మూల నిలబెట్టలేదండీ. స్టాండు అక్కడుంది."

"అది కదలదు కదా!"

"కదలకూడదు." మేడం అమ్మలు మోకాలి మీద నాలుగు వేళ్ళ ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. "బార్ ఇక్కడికి రాగానే మీ అమ్మాయికి జోరు పోతోంది. సరిగ్గా ఈ చోటే బలం కట్టాలి. బరువులు మళ్ళీ మళ్ళీ ఎత్తించి కట్టొచ్చు, కానీ ఒళ్ళు తట్టుకోదు. ఇలా అయితే కావలసిన చోట బలం వస్తుంది, అలుపు తక్కువ."

"పందొమ్మిదేళ్ళ పిల్లకి అలుపేంటండీ?"

"నాకూ అదే అర్థం కావట్లేదు. నేనిస్తున్న పనికి ఇంత అలవకూడదు." మేడం అతని మొహంలోకి చూసింది. "ఇంట్లో ఏమైనా చేయిస్తున్నారా?"

"ఇంట్లో ఏముంటుంది?" అన్నాడు జాకీ, చూపు తిప్పేసుకుని. అమ్మలు వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకుంది.

మేడం స్టాండులోంచి ఇనుప కడ్డీలు తీసేసింది. "ఈ రోజుకి చాలు. ఇంటికెళ్ళి పడుకో" అంది అమ్మలుతో. అవతల సెక్రటరీ మేనకోడలికి ఇంకో రెండు పలకలు ఎక్కిస్తున్నారు. దారి పొడుగునా జాకీ పళ్ళు నూరుతూనే ఉన్నాడు. పడుకోవాలట. బస్తాలు మోసేవాడి కూతురు పడుకోవాలి, సెక్రటరీ ఇంటి పిల్ల ఎత్తాలి. ఈ మాత్రం తెలియకుండానే ఇన్నేళ్ళు బతికాడా తను?

ఇంట్లో ఏమీ లేదన్నది ఒక విధంగా నిజమే. ఉన్నదంతా గోడౌన్ వెనక ఉంది. నీళ్ళ పైపుకి రెండు చివరలా నూనె డబ్బాలు దిగేసి, వాటి నిండా సిమెంటు పోసి, జాకీ తన చేత్తో చేసిన బార్ అది. మూడు వారాలుగా తెల్లవారి అయిదింటికి కూతురిని లేపి, గేట్లు తీసేలోగా దాంతో గంటంబావు సాధన చేయిస్తున్నాడు. హాలులో ఎగ్గొట్టిన పని ఇక్కడ పూడ్చాలని అతని పట్టుదల. మేడంకి చెప్పనని అమ్మలు చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.

మంగళవారం తెల్లవారి లేపితే అమ్మలు లేవలేదు. రెండోసారి భుజం పట్టి కుదిపితే లేచి కూర్చుంది గానీ, కళ్ళు తెరవకుండానే చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది.

"ఈ ఒక్క రోజు వదిలెయ్యవయ్యా" అంది జాకీ భార్య. వీధి చివర ఇస్త్రీ కొట్టు ఆమెది, ఆమెకీ చీకటితోనే పని మొదలు. "కంచంలో పెట్టింది కెలికి లేస్తోంది. రాత్రంతా దొర్లుతోంది గానీ నిద్రపోవట్లేదు."

"నిద్రపోతే మెడలో పతకం పడుతుందా?"

"ఒళ్ళు పడకుండా ఉంటుంది" అందామె, బొగ్గుల పెట్టె గట్టిగా మూసి.

గోడౌన్ వెనక అమ్మలు ఆ డబ్బాల బార్‌ని ముప్పైసార్లు ఎత్తింది. ముప్పయ్యోసారి మోకాలి పైన ఆగింది. "లాగు! లాగు!" అని జాకీ అరిచాడు. ఎలాగో లాగింది. కింద పెట్టేటప్పుడు మాత్రం పెట్టలేదు, వదిలేసింది. ఒక డబ్బా సొట్టపోయింది. జాకీ కూతురిని చూడకుండా సొట్టని చూసి విసుక్కున్నాడు.

బుధవారం మధ్యాహ్నం గోడౌన్‌లో లారీకి చెక్క పలక వేసి బస్తాలెక్కిస్తున్నారు. జట్టులో అందరూ పొడుగోడు అని పిలిచే మనిషి యాభయ్యో బస్తాతో పలక సగానికి వచ్చేసరికి జాకీ కింద నుంచి కేక వేశాడు.

"బస్తా అక్కడే దించు. దిగు."

"నాకేం కాలేదు మేస్త్రీ."

"నీకేం కాలేదు. నీ తొడకి అయింది. చూసుకో, వణుకుతోంది. దిగి నీడన కూర్చో."

గుమాస్తా పుస్తకం మూసి సణిగాడు. "ఒకడు కూర్చుంటే లారీ ఆలస్యం అవుతుంది జాకీ."

"పడితే రేపటి లారీ కూడా ఆలస్యం అవుతుంది. నువ్వు మోస్తావా?"

గుమాస్తా మళ్ళీ పుస్తకం తెరిచాడు. పన్నెండేళ్ళలో జాకీ జట్టులో పలక మీంచి పడినవాడు లేడు. తొడ చూసి చెప్పగలడు, ఊపిరి విని చెప్పగలడు, ఎవడు ఇంకో పది మోస్తాడో, ఎవడు మొయ్యకూడదో. ఇంత తెలిసిన మనిషి ఆ తెలివినంతా గోడౌన్ గేటు దగ్గర వదిలేసి ఇంటికెళ్ళేవాడు. కూతురి విషయానికి వచ్చేసరికి అతనికి కళ్ళు ఉండేవి కావు, కోపం ఉండేది.

గురువారం ఆ కోపం కట్ట తెంచుకుంది. నిద్ర లేవగానే నాడి లెక్కపెట్టి రాసుకోమని మేడం తన దగ్గరున్న పిల్లలందరికీ చిన్న పుస్తకాలిచ్చింది. అమ్మలు పుస్తకం చూసి మేడం మొహం నల్లబడింది. మూడు వారాల కిందట యాభై ఆరు. ఆ రోజు డెబ్బై రెండు.

"ఆదివారం దాకా బార్ ముట్టుకోకు" అంది. "స్టాండు కూడా వద్దు. నడువు, తిను, పడుకో."

"మేడం, ఇంకా మూడు రోజులే..." అంది అమ్మలు.

"అందుకే."

గుమ్మం దగ్గర నిలబడ్డ జాకీకి అరికాలి మంట నెత్తికెక్కింది. మేడంతో ఒక్క మాట మాట్లాడలేదు. తిన్నగా మేడ మీద సెక్రటరీ గదికి వెళ్ళాడు. "మా పిల్లకి అన్యాయం జరుగుతోంది సారూ!" అని మొదలుపెట్టి, ఊపిరి తిప్పుకోకుండా అంతా కక్కేశాడు. మూల స్టాండు, ఆరు సెకన్లు, మూడు నిమిషాలు, పడుకోమనడం. మేనకోడలి చప్పట్ల సంగతి మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని చూసి మింగేశాడు.

సెక్రటరీ చాలా ఓపిగ్గా విన్నాడు. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఏ ఆఫీసులోనూ జాకీని కూర్చోమన్నవాడు లేడు.

"నీ బాధ నాకు అర్థమైంది. కాగితం మీద పెడదాం" అని తనే రాశాడు. శిక్షణ ఇవ్వకుండా విశ్రాంతి పేరు చెప్పి క్రీడాకారిణి భవిష్యత్తు పాడుచేస్తున్నారని, వెంటనే తప్పించాలని. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. జాకీ చదివి, కళ్ళు చెమ్మగిల్లి, సంతకం పెట్టాడు. ఆ కాగితం కోసం సెక్రటరీ ఆర్నెల్లుగా ఎదురుచూస్తున్నాడని అతనికెలా తెలుస్తుంది? తన మేనకోడలి పేరు పోటీ లేకుండా పంపమంటే పంపనన్నది మేడం ఒక్కతే. ఆ సంగతి హాలులో పిల్లలందరికీ తెలుసు. కోపంగా వచ్చి కోపంగా పోయే జాకీతో కూర్చుని చెప్పినవాళ్ళు లేరు.

శుక్రవారం సాయంత్రానికి మేడం లేదు. ఆమె స్థానంలో సెక్రటరీ బామ్మర్ది, అంటే ఆ మేనకోడలి కన్నతండ్రి, మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డాడు. పొట్ట ముందుంది, విజిల్ దాని మీద పడుకుని ఉంది.

"రా అమ్మాయ్, ఇన్నాళ్ళూ నిద్రపుచ్చారట నిన్ను!" అని అమ్మలుని నడిమి వేదిక మీదికి పిలిచాడు. జాకీ గుండె పొంగింది. లైట్లన్నీ తన పిల్ల మీద పడుతున్నాయి. చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

అరవై ఎత్తింది. అరవై అయిదు ఎత్తింది, మోచేతులు వంకరపోతూ. నెల కిందట నవ్వుతూ ఎత్తిన డెబ్బై మోకాలి పైన ఆగిపోయింది.

"మళ్ళీ!" అన్నాడు విజిల్ మనిషి.

మళ్ళీ ఆగింది.

"పట్టుదల లేదు నీకు. మళ్ళీ! తప్పితే ఇంకో అయిదుసార్లు!"

జాకీ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. అప్పుడు విజిల్ మనిషి వెనక్కి తిరిగి, బెంచీ మీద కూర్చున్న సొంత కూతురి తల నిమిరి, గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు ఇంటికెళ్ళమ్మా. ఏమీ ఎత్తకు. తిని పడుకో. ఎల్లుండికి ఒళ్ళు తేలిగ్గా ఉండాలి."

జాకీ చేతులు ఆగిపోయాయి. ఇది అతనికి తెలిసిన ఆటే. తడిసి బరువెక్కిన సరుకు రాగానే కంట్రాక్టరు దాన్ని కావాలని ఎదుటి జట్టుకి అంటగట్టి, సాయంత్రం వాళ్ళనే సోమరులని తిట్టి, తనవాళ్ళకి మంచి పేరు రాయిస్తాడు. ఆ మోసం మీద జాకీ ఎన్నిసార్లు కొట్లాటకి దిగాడో లెక్కలేదు. అదే మోసానికి ఇవాళ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. కూతురి వైపు చూశాడు. మూడు వారాల్లో మొదటిసారి మేస్త్రీ కళ్ళతో చూశాడు. బార్ ముందు వంగిన అమ్మలు ఎడమ తొడ సన్నగా, ఆగకుండా వణుకుతోంది. ఊపిరి పొట్ట దాకా దిగట్లేదు, గొంతులోనే తిరుగుతోంది. జట్టులో ఎవడైనా ఇలా కనిపిస్తే బస్తా కాదు, మంచినీళ్ళ బిందె కూడా మొయ్యనిచ్చేవాడు కాదు.

అమ్మలు లాగింది. బార్ మోకాలు దాటి, ఆగి, జారి దబ్బున పడింది. ఆ పిల్ల వెనక్కి కూలబడి, లేవబోయి, లేవలేక అక్కడే ఉండిపోయింది. దెబ్బ తగల్లేదు. కాళ్ళు మాట వినలేదు.

"లే! ఇంకా రెండు సెట్లున్నాయి!" విజిల్ మోగింది.

జాకీ వేదిక ఎక్కి ఆ విజిల్ తాడు పట్టుకున్నాడు. లాగలేదు. పట్టుకుని నిలబడ్డాడంతే. "ఇంకోసారి ఊదావంటే దీన్ని మింగిస్తా" అన్నాడు. తర్వాత కూతురిని రెండు చేతులా లేపి బయటికి నడిపించుకొచ్చాడు.

వీధి మలుపులో మూసేసిన కొట్టు మెట్ల మీద అమ్మలు కూర్చుండిపోయింది. జాకీ నీళ్ళ సీసా అందించాడు. తీసుకోలేదు.

"వాళ్ళు మోసగాళ్ళమ్మా. నేను గ్రహించలేకపోయాను..."

"వాళ్ళ మాట తర్వాత" అంది అమ్మలు. "మేడం రోజూ అడిగింది నాన్నా. ఇంట్లో ఏమైనా చేస్తున్నావా అని రోజూ అడిగింది. రోజూ లేదన్నాను. నీ కోసం. నువ్వు ఒట్టు వేయించుకున్నావని. ఆవిడ నన్ను నమ్మింది. నువ్వెళ్ళి ఆవిడ మీదే కాగితం రాసిచ్చావు."

"నీ మంచికే..."

"నా మంచా? ఎన్నిసార్లు చెప్పాను ఒళ్ళు నొప్పులని? ఒక్కసారి విన్నావా? పొడుగోడి తొడ వణికితే దించుతావు. అమ్మ చెప్పింది. నవ్వుకుంటూ గొప్పగా చెప్పావట. నా తొడ నీకు కనపడలేదా? నేను నీ జట్టులో మనిషిపాటి కూడా కానా?"

రోడ్డున పోయేవాళ్ళు చూస్తున్నారు. జాకీకి తల తీసేసినట్టయింది. జీవితంలో తన మీద అరిచినవాళ్ళకి రెండింతలు అరిచి బదులిచ్చిన మనిషి, ఆ సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు.

"నేను ఆదివారం వెళ్ళను. ఏడాది పోతే పోయింది. నన్ను మాత్రం లేపకు" అంది అమ్మలు.

శనివారం పొద్దున జాకీ మేడం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. మూడో అంతస్తులో ఒక గది. ఆమె గుమ్మంలో పీట వేసుకుని బూట్లు ఉతుకుతోంది. లోపలికి రమ్మనలేదు. జాకీ నిలబడే అంతా చెప్పాడు, డబ్బాల బార్ దగ్గర్నుంచి విజిల్ దాకా.

మేడం చేతిలో బ్రష్ ఆగిపోయింది. "అయిదింటికా? రోజూనా?"

"రోజూ."

"మీకు తెలుసా, ఆ పిల్ల నాడి చూసి నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. గుండె జబ్బేమో అనుకున్నాను. డాక్టరుని కూడా అడిగి పెట్టుకున్నాను. దానికి మాత్రం పైకి చెప్పలేదు, బెదిరిపోతుందని." ఆమె లేచి నిలబడింది. సబ్బు చేతులు చీరకే తుడిచేసుకుంది. "నేను పని తగ్గించినకొద్దీ అది ఇంకా అలిసిపోతోంది. నా లెక్క ఎక్కడ తప్పిందా అని రోజూ నన్ను నేను తిట్టుకున్నాను. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. ఒక్క మాట!"

"క్షమించండి మేడం."

"నాకెందుకు చెప్తారు? రాసిచ్చిన చోట చెప్పండి."

"రేపు... ఎత్తగలదా?"

"ఎత్తొచ్చు. ఏది తెగుతుందో నేను చెప్పలేను. బతికినన్నాళ్ళు ఎత్తాలనుంటే కనీసం రెండు వారాలు పడుకోవాలి." ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. "వెళ్ళండి."

సెక్రటరీ ఆ రోజు కుర్చీ చూపించలేదు. "సంతకం పెట్టి వెనక్కి అడగడానికి అదేమైనా అరువిచ్చిన గొడుగా? పోటీ అయ్యాక చూద్దాం పో" అన్నాడు.

జాకీ ఇస్త్రీ కొట్టుకెళ్ళి భార్య ముందు కాగితం పెట్టాడు. అతను చెప్పాడు, ఆమె రాసింది. "నా కూతురిని తెల్లవారగట్ల దొంగతనంగా అలవగొట్టింది నేను. మేడం మీద నేను ఇచ్చింది అబద్ధం. ఆమె తప్పు లేదు." ఇంకేమైనా రాయాలా అని ఆమె అడిగితే, అంతకన్నా ఏముంది అన్నాడు. దాన్ని తీసుకెళ్ళి హాలు తలుపుకి అతికించాడు. గంటలో విజిల్ మనిషి చింపేశాడు గానీ, ఆపాటికే హాలులో ప్రతి పిల్ల ఫోన్‌లోనూ దాని ఫొటో ఉంది.

ఆదివారం అయిదింటికి అలవాటు కొద్దీ జాకీకి మెలకువ వచ్చింది. అమ్మలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి చాప దాటి నేల మీద పడి ఉంది. అతను చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. ఎనిమిదైంది. తొమ్మిదింటికి పోటీ. ఏడాదంతా ఈ రోజు కోసమే బతికాడు. ఇప్పుడు ఈ రోజు వీధిలోంచి నడిచి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ భార్య లోపలినుంచి చూసింది. అతనే మళ్ళీ కూర్చున్నాడు.

తొమ్మిదింబావుకి ఒక మోటారు సైకిలు వచ్చి గుమ్మం ముందు ఆగింది. విజిల్ మనిషి. మెడలో విజిల్ లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మాయేది? పేరు రెండుసార్లు పిలిచారు!"

"పడుకుంది."

"పడుకోవడమేంటయ్యా! లేపు! వచ్చి వేదిక ఎక్కితే చాలు, ఎత్తకపోయినా ఫరవాలేదు. తరగతిలో ఇద్దరు లేకపోతే ఎంపిక చెల్లదట. నెల రోజులు వాయిదా వేస్తామంటున్నారు పైనుంచి వచ్చినవాళ్ళు. మా పిల్ల ఒళ్ళు కాచుకుని సిద్ధంగా ఉంది అక్కడ!"

జాకీకి ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. నెల రోజులు. పోయిందనుకున్న ఏడాది, నెల రోజుల దూరంలో నిలబడి ఉంది. గట్టిగా అరవాలనిపించింది. వెనక తలుపు చూసి ఊరుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు" అన్నాడు.

"నీకు దణ్ణం పెడతాను జాకీ. నువ్వూ తండ్రివే, నేనూ తండ్రినే. అయిదు నిమిషాల పని. లేపు!"

"నేను లేపకూడదు. మూడు వారాలు లేపాను, చాలు." జాకీ గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకున్నాడు. "దాన్ని రెండు వారాలు పడుకోమంది మేడం. లెమ్మనడం కూడా మేడమే అనాలి. మూడో అంతస్తులో ఉంటుంది. మీ బావని వెంటబెట్టుకెళ్ళి, తీసేసినావిడని పిలుచుకురా. ఆవిడ వచ్చి లెమ్మంటే, లేస్తుంది."

ఆ మనిషి ఒక క్షణం గుమ్మాన్నీ, ఆ కాళ్ళనీ చూశాడు. తర్వాత ఫోన్ తీసి బావకి చేస్తూ బండి వైపు నడిచాడు. లోపల అమ్మలు ఇటు తిరిగి పడుకుంది.